దాల్చాలో బొక్కలు

చంపాపేట నుంచి కర్మన్‌ఘాట్ మీదుగా అల్మాస్‌గూడ, బాలాపూర్ వైపు వస్తుంటే దారి పొడుగునా ఫంక్షన్ హాళ్లే. ముహూర్తాల నెల వచ్చిందంటే వాటిల్లో ఒక్కటీ ఖాళీగా ఉండదు. భోజనాల వరస కూడా ఇప్పుడు ఇంచుమించు అన్ని చోట్లా ఒకే తీరు. లోపలికి అడుగు పెట్టగానే, వీడియో తీసేవాళ్లకు బాగా అందే చోట, బొగ్గుల పొయ్యి, ఇనుప చువ్వలు, తెల్ల టోపీ పెట్టుకున్న కుర్రాడు: బార్బెక్యూ. జనమంతా అక్కడే గుమిగూడతారు. వరస చివర, బగారన్నం పక్కన, మూత సగం జరిపిన గిన్నెలో పప్పూ మాంసమూ కలిపి వండే దాల్చా. అక్కడికి చేరేసరికి పళ్లెంలో జాగా మిగలదు కాబట్టి అన్నం తడవడానికి ఒక గరిటెడు పోయించుకుని కదిలిపోతారు. మొదటిది హోదా కింద, రెండోది అలవాటు కింద లెక్క. అమెరికాలో మాత్రం బార్బెక్యూ ఒంటరిగా రాదు. పొగలో గంటల తరబడి మగ్గిన పక్కటెముకలు ఒకవైపు, ఇంటి పెద్దల చేతి లెక్కతో వండిన బేక్డ్ బీన్స్ మరోవైపు ఉంటేనే ఆ పళ్లెం నిండినట్టు. మనవాళ్లు అక్కడి పొయ్యిని తెచ్చుకున్నారు గానీ జోడీని వదిలేశారు. నిజానికి దాన్ని తెచ్చుకోవలసిన పని కూడా లేదు. పక్కటెముకకు పప్పుధాన్యం తోడు కావడం దాల్చాలో ఎప్పుడో జరిగిపోయింది. పైగా మన పొట్టేలు పక్కటెముకకు బొగ్గుల మీద కంటే ఆ చివరి గిన్నెలోనే ఎక్కువ న్యాయం జరుగుతుందని నా వాదన.

ముందు ఎముక సంగతి. ఆదివారం పొద్దున అల్మాస్‌గూడలో ఏ మటన్ షాపు ముందు నిలబడినా బేరం వినబడుతుంది: తొడ భాగం రాన్ వేయమని ఒకరు, చాప్‌లు కావాలని ఒకరు, సీనా వద్దని ఒకరు, అదే కావాలని ఇంకొకరు. చాప్‌లూ సీనా పక్కటెముకల భాగాలే. వీటి మీద కండ తక్కువ, పొరలూ నరాలూ కొవ్వూ ఎక్కువ. ఆ పొరల్లో ఉండేది కొలాజెన్ అనే గట్టి పదార్థం. అది డెబ్భై డిగ్రీల వేడి దాటాక, తడి ఉంటే, నిదానంగా కరిగి జిగురుగా మారుతుంది. అందుకు గంటలు పడుతుంది. అమెరికా వాళ్లు పంది పక్కటెముకలను నూటపది డిగ్రీల దగ్గర ఐదారు గంటలు మగ్గబెట్టేది ఇందుకే. అంతసేపు వేడిలో ఉన్నా ఆ మాంసం ఎండకపోవడానికి కారణం పంది ఒంట్లోని కొవ్వు. మన పొట్టేలు కథ వేరు. ఎండలో మైళ్లు నడిచి, చేలల్లో మిగిలిన మోళ్లు మేసి పెరిగిన జీవం అది. దాని పక్కటెముక సన్నం, దాని మీది కండ పలుచన. నిప్పుల మీద పెడితే కొలాజెన్ కరిగేలోపే కండ ఎండి తోలవుతుంది. ఎండకముందే తీస్తే పొరలు పళ్లకు తీగల్లా చుట్టుకుంటాయి. పచ్చి బొప్పాయి పట్టిస్తే సరిపోదా అంటారు. బొప్పాయి కండను మెత్తబరుస్తుంది, కాస్త ఎక్కువైతే పిండి పిండి కూడా చేస్తుంది. ఎముకలోంచి దిగవలసిన రసాన్ని దింపడం దాని వల్ల కాదు. దానికి కావలసింది నీళ్లూ నిదానమూ.

ఈ సంగతి హైదరాబాద్ వంటవాళ్లకు కొత్తగా ఎవరో చెప్పాల్సింది కాదు. నిప్పుతో ఈ ఊరికి పాత స్నేహమే. కానీ ఇక్కడ నిప్పు మీదికి ఏ ముక్క వెళుతుందో చూడండి. వేడెక్కిన నల్లరాతి పలక మీద కాల్చే పత్థర్ కా గోష్త్‌కు ఎముక తీసేసి పలుచగా కోసిన కండే వాడతారు. బోటీ కబాబ్‌కూ ఎముక ఉండదు. సీఖ్ కబాబ్‌కు కీమా. షికంపూర్ కబాబ్‌కైతే కీమాను శనగపప్పుతో కలిపి ఉడికించి, నూరి, మధ్యలో గట్టి పెరుగు పెట్టి పెనం మీద వేస్తారు. అక్కడ కూడా పప్పు వచ్చి చేరింది! ఎముకతో ఉన్న ముక్క మాత్రం మరగ్‌లోకీ నిహారీలోకీ పాయాలోకీ బిర్యానీలోకీ దాల్చాలోకీ వెళుతుంది. అన్నీ తడి వంటలే, మూత పెట్టి మగ్గించేవే. బుర్రా కబాబ్ లాంటి చాప్‌ల కాల్పు ఉత్తరాది నుంచి హోటళ్లలోకి వచ్చింది, బాగానే ఉంటుంది కూడా. అయితే దానికి ఏరిన లేత మాంసం కావాలి. ఐదారు వందల మంది పెళ్లిలో అది అందరికీ అందేది కాదు.

ఇక పప్పు. దాల్చా వండే క్రమాన్ని కాస్త దగ్గర నుంచి చూస్తే ఈ జోడీ ఎందుకు కుదిరిందో తెలుస్తుంది. ఉల్లిగడ్డ నూనెలో ఎర్రగా వేగాక అల్లం ఎల్లిగడ్డ ముద్ద, పసుపు, కారం, ఆ తర్వాత పక్కటెముకల ముక్కలు. ముక్కలోని నీరు ఇగిరి నూనె పైకి తేలేదాకా కలుపుతూ వేయించి, అప్పుడు నీళ్లు పోసి మూత పెడతారు. పక్క పొయ్యి మీద శనగపప్పు వేరేగా ఉడుకుతుంటుంది. కొందరు సగానికి సగం కందిపప్పు కలుపుతారు. పప్పును మరీ మెత్తగా ఎనపకూడదు, కొన్ని బద్దలు నాలుకకు తగలాలి. ముక్క ఎముకను వదలడానికి సిద్ధమైనప్పుడు పప్పూ సొరకాయ ముక్కలూ అందులో పడతాయి. చింతపండు పులుసు వంతు అందరికంటే చివర. దాన్ని ముందే పోస్తే పప్పు గంటలు గడిచినా పలుకు పలుకుగానే ఉంటుంది, ఎందుకంటే పులుపు తగిలితే గింజ గోడలు మెత్తబడవు. గట్టి నీళ్ల పనీ ఇలాంటిదే. బోరు నీళ్లతో పప్పు ఉడకదని ఈ శివారు కాలనీల్లో ఏ ఇంటావిడైనా చెబుతుంది, కృష్ణా నీళ్లు వచ్చే రోజు పట్టి ఉంచుకుని పప్పుకు వాడే ఇళ్లూ ఉన్నాయి. బోరు నీళ్లలోని కాల్షియం గింజను బిగబట్టి ఉంచుతుంది. చివరగా కరివేపాకు, ఎండుమిరపకాయ, జీలకర్రతో పోపు.

ఇప్పుడు అమెరికా బేక్డ్ బీన్స్ కోసం బోస్టన్ వైపు చూడండి. అక్కడి పాతకాలపు ప్యూరిటన్ క్రైస్తవులకు శనివారం పొద్దు గుంకితే విశ్రాంతి దినం మొదలైనట్టే, ఇక వంట పని చేయకూడదు. అందుకని తెల్ల బీన్స్ గింజల్ని ఉప్పు పట్టిన పంది మాంసంతో కలిపి మట్టికుండలో వేసి, మొలాసిస్ అనే చెరకు మడ్డి పోసి, శనివారమే పొయ్యిలోకి తోసేవారు. రాత్రంతా ఆ వేడిలో ఉన్నా గింజ చితికిపోదు. కారణం మొలాసిస్‌లోని కాల్షియమూ పులుపే. మన వంటావిడ చింతపండును ఆఖరుకు ఆపుతుంది, వాళ్లు మడ్డిని ముందే పోసి గింజను కాపాడుకుంటారు. రెండు చోట్లా తెలిసిన విషయం ఒక్కటే, వాడిన తీరు ఎదురెదురు. రెండు గిన్నెల్లోనూ పిండిపదార్థం కొవ్వును పట్టి ఉంచుతుంది. పొట్టేలు కొవ్వు ఒంటరిగా ఉంటే చల్లారగానే అంగిలికి మైనంలా అంటుకుంటుంది. పప్పులో కలిస్తే ఆ బాధ చాలా వరకు తగ్గుతుంది, పులుపు మిగతా భారాన్ని కోస్తుంది. ఎముక నుంచి దిగిన జిగురు పప్పుకు చిక్కదనం ఇస్తుంది. ఎముక లేకుండా వండిన దాల్చాలో ఎంత నెయ్యి పోసినా రానిది ఇదే.

ఇది పేదరికం నేర్పిన వంట కదా, మాంసం చాలక పప్పు కలిపారు కదా, డబ్బున్నప్పుడు కూడా అదే తినాలా అని అడిగేవాళ్లున్నారు. మొదటి సగం నిజమే కావచ్చు. కిలో మాంసంతో పదిమందికి పెట్టాలంటే పప్పే దిక్కు. బోస్టన్ కుండలోనూ మాంసం తక్కువే, గింజలే ఎక్కువ. అయితే లేమిలో పుట్టిన వంటలన్నీ కలిమి రాగానే పోలేదు, రుచి ఉన్నవి నిలిచాయి. మాంసం, గోధుమ, పప్పులు కలిపి పూటంతా భట్టీ మీద గంటెలతో బాదే హలీమ్‌ను పేదల తిండి అని ఎవరూ అనరు. 2010లో హైదరాబాదీ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చిత్తూరు వైపు చలికాలం అనపకాయలు దిగితే నానబెట్టి, తొక్క పితికి తీసిన గింజలను మాంసంలో వేసి వండుతారు. పితికిపప్పు తీసే పని ఇంటిల్లిపాదికీ గంటల తరబడి ఉంటుంది. పొదుపు కోసమే అయితే అంత చాకిరీ ఎవరు పెట్టుకుంటారు? తెలంగాణ పల్లెల్లో చిక్కుడుకాయ మటన్ ఉంది. పోషణ వైపు నుంచి చూసినా ఈ కలయికకు మద్దతు దొరుకుతుంది: పప్పులోని ఇనుమును ఒళ్లు సరిగా పట్టుకోదు, పక్కన మాంసం ఉంటే ఎక్కువగా పట్టుకుంటుంది.

ఎముకకు గౌరవం లేదనే మాటైతే తెలంగాణలో అసలు చెల్లదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు అన్నిటికంటే ఎక్కువ ఉన్న రాష్ట్రం ఇదే, దాదాపు కోటీ తొంభై లక్షలు. ఇక్కడ విందు మర్యాదను బొక్కతోనే కొలుస్తారు. 2023లో వచ్చిన 'బలగం' సినిమాలో ఇంటి అల్లుడు మూలుగ ఉండే నల్లి బొక్క వేయలేదని అలిగి ఏళ్ల తరబడి అత్తింటి గడప తొక్కడు. సినిమా కాబట్టి పెంచి చూపించారని అనుకునేలోపే, ఆ ఏడాది చివర్లో జగిత్యాల వరుడికీ నిజామాబాద్ వధువుకూ జరిగిన నిశ్చితార్థంలో నల్లి బొక్క పెట్టలేదన్న గొడవతో పెళ్లే ఆగిపోయిందని పత్రికల్లో వచ్చింది. ఆ మగపెళ్లివాళ్లను మెచ్చుకోవాలని నేననను. కానీ బొక్క పళ్లెంలో పడకపోతే మాట పడినట్టు భావించే జనంలో, అదే బొక్క దాల్చాలోంచి మాయమైతే మాత్రం ఎవరూ కిక్కురుమనరు. ఇదేం లెక్కో నాకు అర్థం కాదు.

పొగ సంగతేమిటన్న ప్రశ్న ఇంతకంటే గట్టిది. నిప్పు తగిలిన మాంసం పైపొర ఎర్రగా కమిలినప్పుడు వచ్చే వాసన నీళ్లలో ఉడికిన ముక్కకు రాదు. ఒప్పుకోవలసిందే. దాల్చాలో ఉల్లిగడ్డనూ ముక్కనూ ముందు బాగా వేయించడం వల్ల అందులో కొంత వస్తుంది, పూర్తిగా రాదు. పొగ కావాలనుకుంటే మనకు దుంగార్ ఉంది: కణకణలాడే బొగ్గును చిన్న గిన్నెలో పెట్టి కూర మధ్యలో ఉంచి, దాని మీద నెయ్యి చుక్క వేసి మూత బిగించడం. ఐదు నిమిషాలు చాలు. అయితే ఇది పొగ వాసనే ఇస్తుంది, కాల్చిన పైపొరను ఇవ్వదు. అది కావాలనుకునే నాలుకకు దాల్చా బదులు చెప్పలేదు. అటువంటివారు కోడి తొడ కాల్పించుకోవచ్చు. దానికి కొవ్వూ తోలూ ఉన్నాయి, అరగంటలో పని అయిపోతుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు వేసవి సెలవుల్లో పార్కుల్లో పొయ్యి వెలిగించి పక్కటెముకలు కాలిస్తే నాకు పేచీ లేదు, అక్కడ దొరికే జీవాలు కొవ్వు పట్టినవి, వాటికి ఆ వంట తగుతుంది. నా పేచీ దేశాల మధ్య కాదు. చేతిలో ఉన్న ముక్కను చూడకుండా పొయ్యిని ఎంచుకోవడం మీదనే.

దాల్చా తెలుగువాళ్ల వంటేనా అని కూడా కొందరు గొణుగుతారు. బగారన్నం లేని పెళ్లి ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కడుందో వాళ్లు చూపించాలి. నల్లగొండ, దేవరకొండ, ఇబ్రహీంపట్నం వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్ చుట్టూ ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు పాతబస్తీ వంటను ఎప్పుడో తమ దావత్‌లోకి తెచ్చుకున్నాయి. ఆ మాటకొస్తే బోస్టన్ గింజ అక్కడి ఆదివాసులది, మడ్డి కరీబియన్ దీవులది. అయినా ఆ వంట బోస్టన్‌దేనని అందరూ ఒప్పుకుంటారు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. కేటరింగ్ వాళ్లు ఇప్పుడు చాలా చోట్ల దాల్చాను బొక్కలు లేకుండా వండుతున్నారు. శాకాహారులు కూడా పోసుకుంటారు, గిన్నె ఒకటి తగ్గుతుంది అంటారు. శాకాహారుల సంగతి న్యాయమైనదే, వాళ్లకు వేరే గిన్నెలో పప్పుచారు పెట్టాలి, గరిటె కూడా వేరే ఉండాలి. అంతేగాని అందరికీ కలిపి ఎముక తీసేయడం పరిష్కారం ఎలా అవుతుంది? ఆ ఎముక ఎక్కడికీ పోలేదు కూడా. మసాలా పూసుకుని ముందు వరసలో బొగ్గుల మీద ఎండుతోంది. సమయం చాలదనే సాకూ నిలవదు. ప్రెషర్ కుక్కర్‌లో వేడి నూట ఇరవై డిగ్రీల దాకా పోతుంది, తెరిచిన గిన్నెలో గంటన్నర పట్టే పక్కటెముక అందులో అరగంటకు మెత్తబడుతుంది. ఇంటి వంటకు అది చాలు. హాలు వెనక కట్టెల పొయ్యి మీద దేగ్‌లు ఎక్కించేవాళ్లకు పొద్దున్నుంచీ సమయమే ఉంది. కాబట్టి అల్మాస్‌గూడలో హాలు మాట్లాడుకునే ఆడపెళ్లివాళ్లు లైవ్ కౌంటర్లు ఎన్ని అని అడగడానికి ముందు దాల్చాలో సీనా ముక్కలు పడతాయా లేదా అని అడిగి, పడతాయంటే కిలోకు ఎంత పప్పు వేస్తారో కూడా కాగితం మీద రాయించుకోవడం మంచిది.