పసివాని జ్వరము — హృదయధమనులు

బిడ్డకు జ్వరము తగిలిన నాటినుండి దినములు లెక్కించుట తల్లుల కలవాటే. ఆ లెక్క యెంత విలువగలదో అరకులోయలో నివసించునప్పుడు మాకు బోధపడినది.

మా పొరుగున కొండదొరల యింట పదునాలుగు నెలల పసివాడు జ్వరమున పడెను. మన్యమున జ్వరమన్న మొదట మలేరియానే తలతురు. అది తప్పును గాదు. నెత్తురు పరీక్షలో మలేరియా లేదని తేలెను. ఐదవనాటికి కన్నులు రెండును ఎఱ్ఱబాఱెను గాని పుసి లేదు. పెదవులు పగిలెను, నాలుక కందిపోయెను. ఒడలెల్ల దద్దురులు, చేతులకు పాదములకు వాపు. “అమ్మగారూ, ఆటలమ్మ పోసినదేమో చూడుడు” అని తల్లి మమ్ము పిలిచెను. ఆటలమ్మయైన పొక్కులలో నీరు పట్టును, ఇందు లేదు. భుజముపై బీ.సీ.జీ. టీకా మచ్చ మాత్రము ఎఱ్ఱగా ఉబ్బియుండెను.

ఆ మచ్చను చూచియే వైద్యురాలు కవాసాకి వ్యాధి యని అనుమానించెను. 1961లో జపాను వైద్యుడు తొమిసాకు కవాసాకి యిట్టి బిడ్డను మొదట చూచి, 1967లో ఏబదిమంది పిల్లల వృత్తాంతము ప్రకటించెను. మన్యమునకు జపాను రోగమేమని మేము వింతపడితిమి. దీని మూలకారణము నేటికిని తేలలేదు. రోగము నిశ్చయించు ఒంటి పరీక్షయు లేదు, లక్షణములు కూర్చి చూడవలసినదే. ఒడలిలోని రక్తనాళములు వాచును. అందు గుండెకే నెత్తురందించు ధమనులు ఉబ్బుట ప్రమాదకరము. మందు లేనిచో సుమారు నలుగురిలో నొక బిడ్డకు అట్లగును. పదిదినముల లోపల ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించినచో నూటికి నలుగురైదుగురికే యగును.

ఏడవనాటి యుదయమున జ్వరము జాఱినది. “నయమైనది గదా, విశాఖ పోవలెనా?” యని తండ్రి సందేహించెను. జ్వరము తనంతట తగ్గినను ధమనులు పిమ్మట ఉబ్బవచ్చునని వైద్యురాలు చెప్పగా, తల్లియే బిడ్డ నెత్తుకొని ముందు బయలుదేఱెను. అనంతగిరి ఘాటు దిగి 115 కిలోమీటర్లు పోతిమి.

ఎకోలో ఒక ధమని కొంచెము వెడల్పై కనబడెను. కిలో బరువుకు 2 గ్రాముల చొప్పున మందు రాత్రియెల్ల చుక్కచుక్కగా నెక్కించిరి. పిదప, ఉబ్బినచోట నెత్తురు గడ్డకట్టకుండ చిన్నమోతాదు ఆస్పిరిన్. ఇది పసిపిల్లలకు వైద్యుల యానతి లేక ఈయదగినది కాదు. నడుమ ఆటలమ్మగాని ఫ్లూగాని సోకిన వెంటనే తెలుపవలెనట.

మూడవవారమున వ్రేళ్ల కొనల చర్మము పొరలుగా ఊడగా తల్లి బెదరెను. అది యీ రోగమున సహజమే. రెండవవారమున మరల ఎకో తీసిరి, మార్పు లేదు. ఎనిమిదవవారమున ధమని యథాప్రమాణమునకు వచ్చెను, ఆస్పిరిన్ మాన్పించిరి. తట్టు టీకా రెండవమోతాదు మాత్రము, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చినది మొదలు పదునొకండు నెలలు గడచినపిమ్మట వేయవలెనని చీటి వ్రాసిరి. ఆ చీటిని తల్లి బియ్యపు డబ్బాలో భద్రపఱచినది.