ఏ చేపకు ఏ ఎర

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు నాకు నవ్వొచ్చింది. కవిత రాయడం రాదు. చదువులో ఎట్లా పైకి రావాలో చెప్పడానికి మనలో డాక్టర్లు, లెక్చరర్లు అయిన అన్నలు ఉన్నారు. నేను బోధన్ డిపోలో కండక్టర్‌ను. నాకు బాగా తెలిసినవి రెండే పనులు. ఒకటి టికెట్ కొట్టడం, రెండోది గట్టు మీద కూర్చొని గాలం వేయడం. మొదటిదాని గురించి ఎవరూ చదవరు కాబట్టి రెండోది రాస్తున్నాను.

నేను 1996లో ఆరో తరగతిలో హాస్టల్‌లో చేరాను. మా ఊరు మంజీర ఒడ్డున ఉంటుంది. నాన్న లేడు. అమ్మ వానాకాలం నాట్లకు, చలికాలం చెరుకు నరకడానికి పోయేది. చెరుకు సీజన్ మొదలైతే శక్కర్‌నగర్ తొవ్వంతా ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు బారులు కట్టేవి. 1937లో నిజాం కాలంలో పెట్టిన ఆ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లకు ఆ మడ్డి వాసన తెలియకపోవచ్చు. మాకు మాత్రం నిద్రలో కూడా ఆ వాసనే.

గాలం నేర్పింది మా మేనమామ. ఆదివారం ఔట్ పాస్ దొరికితే సాయంత్రం నాలుగింటి దాకా మాకు స్వేచ్ఛ. చెరువుల్లో చేపలు మత్స్యకారుల సంఘం వాళ్లవి. వాళ్లు పిల్లలు వదిలి పెంచుకుంటారు, అక్కడ గాలం వేస్తే ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. మేము నిజాంసాగర్ కాలువ పిల్ల కాలువల దగ్గరికి, నీళ్లు బందైన తర్వాత మిగిలే మడుగుల దగ్గరికి పోయేవాళ్లం. మామ మొదటి రోజే నా చేతిలోని వెదురు కట్టె గుంజుకున్నాడు.

"ముందుగాల నీళ్లను సూడుర అల్లుడా. ఏ చేప ఉన్నదో ఎరుక లేకుంట ఏం ఎర పెడ్తవ్?" అన్నాడు. ఆ రోజు గంటసేపు ఊరికే కూర్చోబెట్టాడు. సన్న బుడగలు వరుసగా లేస్తే అడుగున బురద కెలికే చేప ఉన్నట్టు. చిన్న పరకలు ఒక్కసారిగా చెదిరి ఎగిరితే వాటి వెనుక పెద్దది తరుముతున్నట్టు. తుంగ పక్కన "గుబుక్" మని ఒక్క చప్పుడు వచ్చి నీళ్లు మళ్లీ నిమ్మళమైతే అది కొర్రమట్ట. కొర్రమట్ట పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. అందుకే నీళ్లు తగ్గిన బురద మడుగులోనూ బతుకుతుంది, తానెక్కడుందో మనకు తెలిసేటట్టు కూడా చేసుకుంటుంది.

జెల్లలకు, మార్పులకు ఎర్రలు పెట్టాలి. మన హాస్టల్‌లో బట్టలు ఉతికే బండ వెనుక తడి మన్ను తవ్వితే కొబ్బరి చిప్ప నిండా ఎర్రలు దొరికేవి. ఎర్రను ముక్కలు చేసి ముద్దలాగ గుచ్చొద్దు. కాలికి మేజోడు తొడిగినట్టు కొక్కేనికి తొడగాలి, తోక కొంచెం వదలాలి. ఆ తోక ఆడితేనే చేప వస్తుంది. రవ్వులకు, బొచ్చెలకు పిండి ముద్ద. తవుడులో కొంచెం గోధుమపిండి, రవ్వంత మడ్డి కలిపితే తియ్యటి వాసనకు వచ్చేవి. హాస్టల్ ఉప్మా కూడా పెట్టి చూశాం. కొక్కేనికి నిలబడదు. నీళ్లలో పడగానే విడిపోయేది. ఆ ఉప్మా మా కడుపులోనే ఎట్లా నిలిచేదో ఇప్పటికీ ఆశ్చర్యమే.

కొర్రమట్టకు కదిలే ఎర కావాలి. అప్పట్లో బతికున్న చిన్న కప్పను వీపు తోలుకు గుచ్చి, తుంగ పక్కన నీళ్ల మీద చప్ చప్ మనిపించేవాళ్లం. కప్ప కాళ్లు కొట్టుకుంటుంటే నాకు చూడబుద్ధి కాకపోయేది. మామ నవ్వేవాడు.

ఇప్పుడు నా దగ్గర రబ్బరు కప్పలున్నాయి. నా బెంచి మిత్రుడు ఒకడు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తాడు. ఒకసారి వచ్చినప్పుడు డబ్బా నిండా తెచ్చిచ్చాడు. అక్కడ వాళ్లు గట్టు మీది నుంచి 'బాస్' అనే చేపను పడతారట. అదీ మన కొర్రమట్టలాగే గడ్డిలో దాక్కొని మీద పడే రకం. ఇప్పుడు ఈ కప్పలు మన దగ్గరా దొరుకుతున్నాయి. కొనేటప్పుడు రంగు కంటే ముందు ఒళ్లు నొక్కి చూడండి. మెత్తగా ఉండాలి. రెండు కొక్కేలు వీపుకు అంటుకొని పైకి చూస్తుంటాయి కాబట్టి గుర్రపు డెక్క మీద లాగినా చిక్కుకోవు. చేప కరిచినప్పుడు ఒళ్లు అణిగి కొక్కేలు బయటికి వస్తాయి. ఒళ్లు గట్టిదైతే చేప నోట్లోంచి ఉత్తగా జారి వస్తుంది. రంగు సంగతి అంటారా, కాలువ ఎర్రనీళ్లకు, పొద్దుగూకే వేళకు నల్లది మేలు. కింది నుంచి చూసే చేపకు నీడ స్పష్టంగా కనబడుతుంది. తేట నీళ్లకు ఆకుపచ్చది.

చేప ఉన్న చోటనే విసరొద్దు, బెదురుతుంది. దాన్ని దాటించి విసిరి, గడ్డి మీదుగా మెల్లగా లాక్కొచ్చి, గడ్డి మధ్య ఖాళీ నీళ్లు కనబడిన చోట ఆపాలి. ఆపడమే అసలు పని. నీళ్లు పేలినట్టు చప్పుడు కాగానే కట్టె గుంజుతాం చూడండి, పదింట్లో ఎనిమిది చేపలు అట్లా పోయినవే. ఒకటి, రెండు అని లెక్కబెట్టి, దారం బరువు చేతికి తెలిశాక గుంజాలి. నాకు ఇది ఒంటబట్టడానికి రెండేండ్లు పట్టింది. ఇంకోమాట, కాలువ నిండా పారుతున్నప్పుడు ఎర చిక్కుకుంటే దారం తెంపుకోండి తప్ప నీళ్లలోకి దిగకండి.

ఇంతవరకు రాసింది ఏ గాలగాడైనా చెబుతాడు. నేను ఎవరికీ చెప్పనిది ఒకటుంది.

2000 ఆగస్టు. నేను పదో తరగతి. క్లాసులో అందరి దగ్గర ఆల్ ఇన్ వన్ గైడ్ ఉంది, నా దగ్గర లేదు. అమ్మను అడగడానికి నోరు రాలేదు. ఆ ఆదివారం పిల్ల కాలువ పక్క మడుగులో నీళ్ల మీద ఎర్రగా, పళ్లెమంత వెడల్పున ఏదో కదులుతున్నది. కొర్రమట్ట పిల్లలు. వందల పిల్లలు ఒకటే ముద్దలాగ పైకి వచ్చి, గాలి తీసుకొని, దిగుతున్నాయి. కొర్రమట్ట పిల్లల్ని వదిలి పోదు. కిందనే కాస్తూ ఉంటుంది. పిల్లలతో ఉన్న చేప కప్పను చూస్తే ఆకలయి కరవదు, పిల్లల దగ్గరికి వచ్చిందని కరుస్తుంది. అంతకన్నా నమ్మకమైన గాలం లేదు. మామకు ఆ సంగతి బాగా తెలుసు, కానీ నా ముందు ఎప్పుడూ అట్లా వేయలేదు. ఎందుకో నేను అడగలేదు.

కప్పను ఆ ఎర్ర ముద్ద నడుమ వేశాను. రెండోసారికే పట్టింది. కిలోకు పైనే ఉంటుంది. బోధన్ మార్కెట్‌లో ఎనభై రూపాయలకు అమ్మి, దాచుకున్న చిల్లర కలిపి గైడ్ కొన్నాను.

మరుసటి ఆదివారం అమ్మ మక్కకంకులు ఉడకబెట్టుకొని హాస్టల్‌కు వచ్చింది. నాట్లలో నానిన వేళ్లు తెల్లగా ఒరిసిపోయి ఉన్నాయి. పెట్టె మీద గైడ్ చూసి, "పైసలు ఏడియి బిడ్డా?" అని అడిగింది.

"చేప అమ్మిన."

"ఏం చేప?"

"కొర్రమట్ట."

అమ్మ కొంచెంసేపు చూసింది. "శ్రావణంల గంత పెద్దది గట్టుకు వచ్చిందా? పిల్లలున్నదా?" అన్నది. మంజీర ఒడ్డున పుట్టిన మనిషి, ఆమెకు నేనేం దాస్తాను. తల ఊపాను. ఆమె తిట్టలేదు. కంకులు నా చేతిలో పెట్టి, గైడ్‌కు పాత పేపర్ అట్ట వేసి ఇచ్చి, నాలుగింటి బస్సుకు వెళ్లిపోయింది. ఎప్పుడూ వెళ్తూ "మంచిగ సదువుకో" అనేది. ఆ రోజు అనలేదు.

ఆమె వెళ్లాక మడుగు దగ్గరికి పోయాను. ఎర్ర ముద్ద లేదు. తుంగ మొదట్లో పదో పన్నెండో పిల్లలు ఒంటరి ఒంటరిగా తిరుగుతున్నాయి. గట్టు మీద రెండు కొంగలు ఉన్నాయి. జంటలో రెండో చేప ఎక్కడైనా ఉందేమోనని చీకటి పడేదాకా చూశాను. ఔట్ పాస్ టైం దాటిందని ఆ రాత్రి వార్డెన్ సార్ గుంజిళ్లు తీయించారు. ఎందుకు ఆలస్యమైందో చెప్పలేదు. పదో తరగతి పాసయ్యాను. గైడ్ తర్వాత బ్యాచ్ తమ్ముడికి ఇచ్చేశాను.

తెలంగాణ వచ్చాక కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించారు. ఆ మాట విన్న రోజు నాకు ఆ మడుగే గుర్తొచ్చింది. టెక్సాస్ మిత్రుడికి ఫోన్‌లో ఈ సంగతి చెప్పబోయి, చెప్పకుండా బాస్ పిల్లల గురించి అడిగాను. అక్కడ మగచేప గూడు కాస్తుందట, అదీ ఆకలితో కాదు, కోపంతోనే కరుస్తుందట. ఉత్తరాన కొన్ని రాష్ట్రాల్లో ఆ కాలంలో దాన్ని పట్టడం మీద ఆంక్షలు కూడా ఉన్నాయన్నాడు. మన మడుగులకు అట్లాంటి బోర్డు ఎవరు పెడతారు?

పోయిన శ్రావణంలో మా అబ్బాయిని తీసుకొని అదే కాలువకు పోయాను. వాడికి పదేండ్లు. కప్పను ఆపడం వాడికి అప్పుడే చేతకొచ్చింది, నాకంటే నయం. పొద్దు వాలుతుండగా తుంగ పక్కన నీళ్లు ఎర్రగా కదిలాయి. "డాడీ, గక్కడ! గక్కడ వెయ్!" అని ఎగిరాడు. నేను దారం చుట్టేసి, కప్పను డబ్బాలో పెట్టి మూత వేశాను. ఎందుకని అడిగాడు. ఇంటికి పోయాక నాయనమ్మను అడుగు అన్నాను. బస్టాండ్ దాకా వాడు నాతో మాట్లాడలేదు.