అడుగున చేరిన మడ్డి

'ఇంతకీ అక్కడ నువ్వు చేసే పనేంట్రా?'

ఆదివారం ఫోనులో అమ్మమ్మ అడిగింది. ఆమె ఉండేది కోనసీమలో గోదావరి గట్టు పక్కన. మనవడేమో కెనడాలోని ఆల్బర్టాలో నూనె శుద్ధిచేసే చోట ఇంజినీరు. ఆస్ఫాల్టీన్లూ ద్రావణులూ అంటూ మొదలుపెడితే ఆమెకేం తెలుస్తుంది? కాసేపు ఆలోచించి 'నీ బిందెలో జరిగే పనే అమ్మమ్మా!' అన్నాడు.

వరదల రోజుల్లో గోదావరి నీళ్లు ఎర్రగా వస్తాయి. బిందె లోపలివైపు ఇండుపగింజ అరగదీసి నీళ్లు పోసేదామె. తెల్లారేసరికి మట్టి అడుగుకు చేరేది. సన్నటి రేణువు ఒంటరిగా ఉంటే ఓ పట్టాన కిందికి దిగదు. నాలుగు కలిసి ముద్దయితేనే దిగుతుంది. వ్యాసం రెండింతలైతే దిగే వేగం నాలుగింతలవుతుందన్నది 1851లో స్టోక్స్ అనే శాస్త్రవేత్త కట్టిన లెక్క.

ఆల్బర్టాలో నూనె ఇసుకను అంటుకుని ఉంటుంది. వేడినీళ్లతో కడిగితే తారులాంటి బిట్యుమెన్ నురగలా పైకి తేలుతుంది. అందులో ఇంకా నీటిబొట్లూ బంకమట్టీ ఉంటాయి. అంత చిక్కటి నూనెలో మట్టి కదలదు. అందుకే పలచన చేస్తారు. నాఫ్తా కలిపితే అతి సన్నటి రేణువులు కొన్ని తేలుతూనే ఉంటాయి. అదే పెంటేన్, హెక్సేన్ లాంటివి ఒక మోతాదు దాటి కలిపితే, నూనెలోని బరువైన భాగమైన ఆస్ఫాల్టీన్లు కొన్ని కరిగి ఉండలేక విడిపోతాయి. అవే జిగురులా మట్టినీ నీటినీ పట్టుకుని, ముద్దలై దిగిపోతాయి. పైన మిగిలేది తేట నూనె! పైపులైన్లోకి వెళ్లాలంటే నీరూ మడ్డీ కలిపి 0.5 శాతం దాటకూడదు మరి.

'అయితే గింజ మీ నూనెలోనే ఉందన్నమాట' అంది అమ్మమ్మ. మనవడు నవ్వాడు.

'బాగానే ఉంది. మరి అడుగున చేరిన మడ్డిని ఏం చేస్తార్రా?'

ఈసారి వెంటనే జవాబు రాలేదు. అమ్మమ్మ అయితే బిందె అడుగునీళ్లు అరటిపాదులో పోసేది. అక్కడ అలా కుదరదు. ఇసుక కడిగిన నీళ్లూ, వ్యర్థాలూ పెద్దపెద్ద చెరువుల్లోకి వెళతాయి. వాటిలోని సన్నటి బంకమట్టి తనంతట తాను గట్టిపడాలంటే దశాబ్దాలు పడుతుంది. 2008 ఏప్రిల్‌లో అలాంటి ఒక చెరువులో వాలి 1,600కు పైగా బాతులు చనిపోయాయి.

'దారులు వెతుకుతూనే ఉన్నారమ్మమ్మా' అన్నాడు చివరికి.

'వెతకండి నాయనా. పైన తేటనీళ్లు చూసి మురిసిపోతే సరా? బిందె కడగాల్సిందీ మనమే కదా!'