పాట పెడితే సరిపోదు

మావాడికి 4 ఏళ్ళొచ్చినా మాటలు రాలేదు. ఆటిజం అన్నారు. ఆ రాత్రి నేను చేసిన మొదటి పని, మన సాఫ్ట్‌వేర్ జాతి లక్షణం ప్రకారం, గూగుల్ చెయ్యడం. ఫలానా రాగం వింటే మెదడు బాగవుతుందని ఎవరో రాశారు. ఇంకేం, ఓ 40 పాటలు పోగేసి, మంచి స్పీకర్లు కొని, పొద్దున్నా సాయంత్రం మోగించేవాణ్ణి. వాడు చెవులు మూసుకుని బాత్రూంలోకి పోయేవాడు. నేను వాల్యూం తగ్గించి మళ్ళీ పెట్టేవాణ్ణి. (తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.)

తర్వాత ఒక మ్యూజిక్ థెరపిస్టు దగ్గరికెళ్ళాం. ఆవిడ అసలు పాటే పెట్టలేదు. వాడు నేలమీద రెండు దెబ్బలు కొడితే, ఆవిడ చిన్న డ్రమ్ము మీద రెండు కొట్టింది. వాడు ఆపితే తనూ ఆపింది. పావుగంట ఇదే తంతు. ఇందుకా ఇంత ఫీజు అనుకుంటుండగా, వాడు మూడు కొట్టి, ఆగి, ఆవిడ మొహంలోకి చూశాడు. ఇక నీ వంతు అన్నట్టు!

ఇదేం కొత్త పద్ధతి కాదట. పాల్ నార్డాఫ్ అనే అమెరికన్ స్వరకర్త, క్లైవ్ రాబిన్స్ అనే స్పెషల్ టీచరు కలిసి 1959లో ఇంగ్లండులో మొదలుపెట్టారు. పిల్లవాడు ఏ శబ్దం చేస్తే దాన్నే అందుకుని, అప్పటికప్పుడు సంగీతం అల్లడం. నా స్పీకర్లలో లోపం అప్పుడర్థమైంది. అందులో వాడికి వంతే లేదు.

సరే, ఇంతకీ ఇది పనిచేస్తుందా? 2017లో జామా పత్రికలో ఒక పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 9 దేశాలు, 4 నుంచి 7 ఏళ్ళ వయసున్న 364 మంది పిల్లలు. మామూలు వైద్యానికి దీన్ని జోడించి 5 నెలల తర్వాత చూస్తే, ఆటిజం లక్షణాల స్కోరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2022లో కాక్రేన్ వాళ్ళు 26 అధ్యయనాలు కలిపి చూసి, మొత్తంమీద మెరుగుదల, జీవన నాణ్యత విషయాల్లో బహుశా మేలుందన్నారు. నాకర్థమైనంతలో ఇది మందు కాదు, అలాగని ఉత్తిదీ కాదు.

కాబట్టి నేను చెప్పొచ్చేదేమిటంటే, సంగీతంతో ఆటిజం నయం చేస్తామనేవాళ్ళకి ఓ దణ్ణం పెట్టి బయటికొచ్చెయ్యండి. దీనికోసం స్పీచ్ థెరపీ మాత్రం ఆపకండి. మేం 2 నెలలు ఆపాం. వద్దని మా ఆవిడ మొత్తుకున్నా నేను వినలేదు. ఆ 2 నెలలు ఇప్పుడెవరిస్తారు?

మాటలు లెక్కపెట్టడానికి నేనో ఎక్సెల్ షీట్ పెట్టుకున్నాను లెండి. అందులో అంకెలు ఇప్పటికీ చిన్నవే. కానీ ఆదివారం పొద్దున్నే వాడు వంటింట్లోంచి రెండు గరిటెలు తెచ్చి, ఒకటి నా చేతిలో పెడతాడు. ముందు వాడే కొట్టాలి. నేను తొందరపడితే మాత్రం గరిటె లాగేసుకుంటాడు.