హెచ్చరిక దీపానికి గంతలు కట్టకండి



ఈ మధ్య మన యువకుల బండ్లలో సీటు కింద ఒక చిన్న నల్లపెట్టె కనబడుతోంది. దానిని ఫ్యూయల్ ట్యూనర్ అంటున్నారు. దీని సంగతి కొంచెం వివరంగా చెప్పాలని మాకు భారం కలిగింది.

2020 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో బీఎస్-6 నియమాలు వచ్చాయి. అప్పటినుండి చాలా కొత్త బండ్లలో కార్బురేటరు పోయి ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోలు ఎంత పోయాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. పొగ గొట్టం దగ్గర ఉన్న ఆక్సిజన్ సెన్సార్ దానికి ఎప్పటికప్పుడు కబురు పంపుతుంది. కాలుష్యం తగ్గాలి కాబట్టి ఈసీయూ పెట్రోలును పొదుపుగానే వాడుతుంది. అందుచేత కొన్ని బండ్లు నెమ్మదిగా పోయేటప్పుడు కుదుపుతాయి. ఈ పెట్టె మధ్యలో కూర్చుని, ఇంజెక్టరు తెరుచుకునే సమయాన్ని కొద్దిగా పెంచుతుంది. కుదుపు తగ్గుతుంది. అయితే కొందరికి ఆ వెంటనే మీటరులో ఇంజను బొమ్మ దీపం వెలుగుతుంది. తాళం తిప్పగానే ఆ దీపం వెలగడం మామూలే. ఇంజను స్టార్టయ్యాక కూడా ఆరకపోతే ఏదో లోపమున్నట్టు.

మన సంఘంలో ఒక తమ్ముడికి ఇలాగే జరిగింది. వారానికి మూడుసార్లు తల్లిని వెనుక కూర్చోబెట్టుకొని డయాలసిస్‌కు పట్టణం తీసుకువెళ్లే కుమారుడు. పోను రాను అరవై కిలోమీటర్లు. తిరిగివచ్చేసరికి ఒక్కోసారి చీకటి పడుతుంది. చెరువు కట్ట దాటాక చాలా దూరం ఇల్లనేది లేదు. కుదుపులకు అమ్మ నడుము నొప్పి అంటోందని పెట్టె బిగించాడు. కుదుపు పోయింది గాని దీపం వచ్చింది.

పట్టణంలో ఎవరో అతనికి రెండు ఉపాయాలు చెప్పారట. ఒకటి, దీపం మీద నల్లటేపు అంటించడం. రెండోది, ఆక్సిజన్ సెన్సార్ వైరు తీసేసి అక్కడ ఒక చిన్న ప్లగ్గు పెట్టడం. అందులో ఉండే రెసిస్టరు, సెన్సార్ ఉన్నట్టే ఈసీయూను నమ్మిస్తుంది.

“అయ్యగారూ, రెండోది చేయించేయనా?” అని అడిగాడు.

“బాబూ, ముందు ఆ దీపం ఏమంటోందో విందాం” అన్నాం.

మేము మెకానిక్కులం కాము. కానీ పల్లెలు తిరిగే పని గనుక బండితో సహవాసం ఎక్కువ. అతనితో కూర్చుని ఒక్కొక్కటే చూశాం. మొదట బ్యాటరీ. ఇంజను ఆపి ఉన్నప్పుడు మీటరు పన్నెండున్నర వోల్టుల దగ్గర చూపాలి, నడుస్తున్నప్పుడు పద్నాలుగు దాకా రావాలి. అది బాగుంది. తరువాత ఎర్త్ వైరు. బోల్టు కింద రంగో తుప్పో ఉంటే కరెంటు సరిగా పారదు. అదీ బాగానే ఉంది. ఆ తరువాత షోరూములో స్కానరు పెట్టించాడు. పి0135 అని కోడ్ వచ్చింది. అంటే ఆక్సిజన్ సెన్సార్ హీటరు సర్క్యూట్. సెన్సార్ బాగా వేడెక్కితేనే సరిగా పనిచేస్తుంది, దానిని త్వరగా వేడిచేయడానికి లోపల ఒక హీటరు ఉంటుంది. అదే పి0201 వచ్చి ఉంటే ఇంజెక్టరు వైపు వెదకవలసి వచ్చేది.

అప్పుడు పెట్టెను తప్పించి, కంపెనీ వైర్లను తిరిగి కలిపి, కోడ్ చెరిపించి చూశాడు. దీపం మళ్లీ వచ్చింది. కాబట్టి లోపం పెట్టెలో కాదు, బిగించేటప్పుడు ఊడదీసిన కప్లర్లలో ఉండాలి. టార్చి వేసి చూస్తే సెన్సార్ కప్లరులో ఒక పిన్ను వెనక్కి జారి ఉంది. దానిని టిక్కుమనే దాకా ముందుకు నెట్టి, వైరు సైలెన్సరుకు తగలకుండా కట్టి, కోడ్ చెరిపించి, పెట్టెను మళ్లీ కలిపాడు. దీపం ఆరిపోయింది. నాలుగుసార్లు పట్టణం వెళ్లివచ్చినా మళ్లీ వెలగలేదు. కొత్త సామాను ఏదీ కొనవలసిన పని రాలేదు.

ప్రియులారా, ఇక్కడ ఒక మాట గమనించండి. ఆ దీపం ఒక్క సెన్సార్ కోసం పెట్టింది కాదు. ఇంజెక్టరు, థ్రాటిల్, ఇంజను వేడి, ఇలా అనేక లోపాలకు ఉన్నది ఆ ఒక్క దీపమే. ఈరోజు చిన్న పిన్ను కోసం దాని మీద టేపు అంటిస్తే, రేపు పెద్ద లోపం వచ్చినప్పుడు చెప్పడానికి ఇంకొక దీపం లేదు. ప్లగ్గు పెడితే సెన్సార్ పంపే నిజమైన కబురు ఈసీయూకు అందదు. అప్పుడు కట్ట మీద చీకట్లో బండి ఆగితే, డయాలసిస్ అయి నీరసంగా ఉన్న ఆ తల్లిని ఎక్కడ కూర్చోబెట్టాలి?

మన ఇళ్లలోనూ ఇలాంటి దీపాలు వెలుగుతుంటాయి. కబుర్లు చెప్పే బిడ్డ అన్నం దగ్గర మౌనంగా ఉంటాడు. మూడు ఆదివారాలు ఒక పెద్దావిడ మందిరానికి రాదు. మన మనస్సాక్షి రాత్రిపూట నిద్రపోనివ్వదు. అప్పుడు మనకు తోచేది ఆ దీపాన్ని ఆర్పేయడమే. ఫోను ఇచ్చి బిడ్డను ఊరుకోబెడతాం, “పెద్దతనం గదా” అని ఆమెను మరచిపోతాం, మన తప్పుకు మనమే ఒక సాకు చెప్పుకుంటాం. దగ్గర కూర్చుని అడిగితే చాలాసార్లు జారిపోయిన చిన్న పిన్నే కనబడుతుంది. పెద్దదే అయినా, తెలియకపోవడం కంటె తెలియడం మేలు.

పెట్టె బిగించాలనుకునే తమ్ముళ్లు ముందుగా షోరూములో వారంటీ సంగతి అడగండి. బిగించాక దీపం వెలిగితే కంగారుపడకండి, దాచకండి. బ్యాటరీ, ఎర్త్, కోడ్, కప్లరు, ఈ వరుసలో చూడండి. వెనుక సీట్లో కూర్చున్నవారు మిమ్మల్ని నమ్మి కూర్చున్నారు.

ప్రభువు మీ ప్రయాణాలన్నిటిలో మీకు తోడైయుండును గాక. ఆమేన్.