గుమాస్తా చేతికి ఇల్లంతటి తాళాలు ఎందుకు?



పోయిన నెల కార్యవర్గ సమావేశంలో మన సభ్యత్వ ప్రోగ్రాం గురించి మాట్లాడుతున్నప్పుడు నేను ఒక విషయానికి గట్టిగా అడ్డం చెప్పాను. తర్వాత ఇద్దరు పెద్దలు ఫోన్ చేసి, "కష్టపడి పని చేసిన పిల్లవాడి ఉత్సాహం మీద నీళ్లు చల్లావేమయ్యా?" అన్నారు. వాళ్లిద్దరికీ చెప్పిన జవాబే అందరికీ తెలిస్తే మంచిదని ఇక్కడ రాస్తున్నాను. కొంచెం జాస్తి పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మన పాత పుస్తకాలన్నీ ఇప్పుడు ఆఫీసు గదిలోని కంప్యూటర్లో ఎక్కాయి. హోసూరులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్న మన కుటుంబాల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, చందా వివరాలు అందులో ఉన్నాయి. స్కాలర్‌షిప్ తీసుకునే పిల్లల బ్యాంకు ఖాతా నంబర్లు కూడా ఉన్నాయి. మన మీద నమ్మకంతో ఇచ్చిన వివరాలు ఇవి. పోయినా, బయటపడినా తలెత్తుకుని తిరగలేము.

ఇదంతా ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అనే డేటాబేస్‌లో ఉంది. అది ఉచితం. కానీ వేళకు పనులు చేయించే ఏజెంట్ అనే భాగం అందులో ఉండదు. రోజూ రాత్రి బ్యాకప్ తీసి, ఆ ఫైలును రెండో కంప్యూటర్లోకి కాపీ చేయాలి. దానికి మన కుర్రవాడు ఒక స్టోర్డ్ ప్రొసీజర్ రాశాడు. స్టోర్డ్ ప్రొసీజర్ అంటే డేటాబేస్ లోపలే పేరు పెట్టి దాచుకున్న పనుల వరుస. పేరు పిలిస్తే చాలు, ఆ పనులన్నీ వరుసగా జరిగిపోతాయి. అంతవరకు చాలా బాగుంది. చివరి వరుసలో మాత్రం ఎక్స్‌పీ కమాండ్‌షెల్ అనేదాన్ని వాడాడు. నేను వద్దన్నది దాన్నే.

ఆ ఎక్స్‌పీ కమాండ్‌షెల్‌కు ఏ వాక్యం ఇచ్చినా దాన్ని విండోస్ కమాండ్‌గా నడుపుతుంది. కాపీ చెయ్యమంటే చేస్తుంది, చెరిపెయ్యమంటే చెరిపేస్తుంది. పద్దులు రాసే గుమాస్తాకు పద్దుల బీరువా తాళం ఇస్తాం. ఇది ఇల్లంతటి తాళాల గుత్తి అతని చేతికిచ్చినట్టు. గుమాస్తా మంచివాడే. కానీ రేపు ఎవరైనా అతని గొంతుతో మాట్లాడితే?

ఎవరి అధికారంతో ఆ కమాండ్ నడుస్తుందన్నది అసలు సంగతి. పిలిచిన లాగిన్‌కు సిస్‌అడ్మిన్ హోదా ఉంటే, డేటాబేస్ సర్వీసు ఏ విండోస్ ఖాతా కింద నడుస్తోందో ఆ ఖాతా అధికారం మొత్తం కమాండ్‌కు వస్తుంది. మన ప్రోగ్రాం ఎస్ఏ లాగిన్‌తోనే డేటాబేస్‌లోకి వెళ్తోంది. అది సిస్‌అడ్మిన్ లాగినే. పైగా కాపీ ఫైలుకు పెట్టే శాఖ పేరును, స్క్రీన్ మీద టైప్ చేసినదాన్ని చేసినట్టే, కమాండ్‌లో అతికిస్తున్నాడు. విండోస్‌లో "అండ్" గుర్తు ఒకటి పెడితే ఒక కమాండ్ తర్వాత ఇంకో కమాండ్ మొదలవుతుంది. శాఖ పేరు గడిలో ఆ గుర్తు పెట్టి, పక్కన చెరిపేసే కమాండ్ రాస్తే చాలు. చందా రాయడానికి కూర్చున్న మనిషి కంప్యూటర్‌నే ఖాళీ చెయ్యగలడు.

"మన ఆఫీసులో అలాంటివాళ్లు ఎవరున్నారు?" అని అడిగారు. మనవాళ్లే కానక్కర్లేదు. 2002 మే నెలలో స్పైడా అనే పురుగు ఇంటర్నెట్‌లో తిరిగింది. ఎస్ఏ లాగిన్‌కు పాస్‌వర్డ్ పెట్టకుండా వదిలేసిన ఎస్‌క్యూఎల్ సర్వర్లను వెతికి పట్టుకుని, ఇదే ఎక్స్‌పీ కమాండ్‌షెల్‌తో ఆ కంప్యూటర్లలో జొరబడింది. పాస్‌వర్డ్‌ల సమాచారాన్ని ఈమెయిల్‌లో బయటికి పంపింది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005 నుంచి మైక్రోసాఫ్ట్ ఆ తలుపును మూసే ఇస్తోంది. కావాలంటే మనమే తెరుచుకోవాలి.

మూసి ఉంచితే చాలా అంటే, చాలదు. ఆ గడియ తీయడానికి రెండు మూడు వరుసల కమాండ్ చాలు, సిస్‌అడ్మిన్ అయినవాడెవడైనా తీయగలడు. కాబట్టి అసలు కాపలా గడియ దగ్గర కాదు, ఆ హోదా ఎవరికి ఇచ్చామన్న దగ్గర ఉండాలి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోనూ కాపీ అనే ఆజ్ఞతో బయటి ప్రోగ్రాం నడిపే వీలు 2013 నుంచి ఉంది. 2019లో దీన్ని లోపమని కొందరు నమోదు చేస్తే, లోపం కాదు, సూపర్‌యూజర్‌కు తెలిసి ఇచ్చిన అధికారమేనని దాన్ని తయారుచేసేవాళ్లు జవాబిచ్చారు. నాకు ఆ మాట సబబుగానే తోచింది. అధికారం ఉండటం తప్పు కాదు. రోజువారీ చందా పనికి ఆ అధికారంతో కూర్చోవడమే తప్పు.

దొంగల మాట పక్కన పెట్టినా ఇంకో చిక్కు ఉంది. బెంగళూరులో నేను పనిచేసిన ఒక కంపెనీలో చూశాను. పాత బిల్లుల ఫైళ్లను చెరిపే ప్రొసీజర్ ఒకటి అక్కడ ఉండేది. నేను చేరకముందే ఎవరో రాసినది. టేబుల్‌లోంచి ఖాతాదారు ఫోల్డర్ పేరు తీసుకుని, దాని కిందివన్నీ చెరిపెయ్యమని కమాండ్ కూర్చేది. ఒక రాత్రి ఒక ఖాతాదారు దగ్గర ఫోల్డర్ పేరు ఖాళీగా ఉంది. పేరు ఖాళీ అయ్యేసరికి కమాండ్ పైనున్న బిల్లుల ఫోల్డర్ మీదనే పడి, అందరి బిల్లులూ ఊడ్చేసింది. ఆ తర్వాతి వరుసలో ఏదో తప్పు వచ్చి, డేటాబేస్ తన మార్పులన్నీ వెనక్కి తీసుకుంది. తెల్లవారి నేను చూసేసరికి టేబుల్‌లో బిల్లులన్నీ ఉన్నట్టే రాసి ఉంది, డిస్కులో ఒక్కటీ లేదు. ముందురోజు బ్యాకప్ ఉండబట్టి రెండు రోజుల్లో బయటపడ్డారు.

డేటాబేస్‌కు ఉన్న గొప్ప గుణం, పని సగంలో చెడితే అంతా మొదటికి తేగలగడం. అది తన పద్దుల వరకే. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేము కదా, బయటికి పంపిన కమాండ్ కూడా అంతే. చెరిపిన ఫైలు, పోయిన మెయిలు తిరిగి రావు. ఇంకొకటి, ఆ కమాండ్ ముగిసేదాకా ప్రొసీజర్ కాచుకునే ఉంటుంది. ఎవరైనా మీట నొక్కాలని ఎదురుచూసే ప్రోగ్రాంను పిలిస్తే, కనబడని ఆ తెర ముందు ఎవరూ ఉండరు. పని అక్కడే ఆగిపోతుంది.

వద్దనడం సులభం, మరి దారేది అంటారు. దారి ఉంది. బ్యాకప్ తీయడానికి కమాండ్‌షెల్ అక్కరే లేదు, బ్యాకప్ ఆజ్ఞ డేటాబేస్ భాషలోనే ఉంది. వేళకు నడపడానికి విండోస్‌లోనే టాస్క్ షెడ్యూలర్ ఉంది. అది రాత్రి ఎస్‌క్యూఎల్‌సీఎండీ అనే చిన్న ప్రోగ్రాంతో డేటాబేస్‌కు బ్యాకప్ తీయమని చెబుతుంది, తర్వాత ఫైలును తనే కాపీ చేస్తుంది. అంటే బయటివాడు లోపలికి వచ్చి పని అడుగుతాడు, లోపలివాడు బయటికి వెళ్లడు. ఆ పనికి వేరే విండోస్ ఖాతా పెట్టి, డేటాబేస్‌లో బ్యాకప్ తీసే హక్కు, డిస్కులో ఆ రెండు ఫోల్డర్ల హక్కు మాత్రమే ఇద్దాం.

ఎప్పుడైనా తప్పనిసరై లోపలినుంచే కమాండ్ నడపాలంటే, సిస్‌అడ్మిన్ కానివాళ్ల కోసం తక్కువ హక్కులున్న ప్రాక్సీ ఖాతా పెట్టే వీలుంది. అప్పుడు కూడా కమాండ్ మొత్తం ముందే రాసి ఉండాలి, స్క్రీన్ మీద టైప్ చేసిన మాట ఒక్కటీ అందులో కలవకూడదు.

ఇదంతా కుర్రవాడితో కూర్చుని మాట్లాడాను. వాడు నొచ్చుకోలేదు. రెండు సాయంత్రాల్లో షెడ్యూలర్ పని పూర్తి చేశాడు. ప్రోగ్రాంకు చందా టేబుళ్ల వరకే హక్కున్న కొత్త లాగిన్ తయారుచేస్తున్నాడు. ఇందులో మెచ్చుకోవలసింది వాణ్ణే.

పెద్దలకు ఒక్క మనవి. ఎస్ఏ పాస్‌వర్డ్ ఇప్పుడు నలుగురి ఫోన్లలో ఉంది. కొత్త లాగిన్ రాగానే దాన్ని మార్చి, కాగితం మీద రాసి కవరులో పెట్టి అతికించి, అధ్యక్షులవారి బీరువాలో ఉంచుదాం. ఎవరు ఎప్పుడు ఎందుకు తెరిచారో మినిట్స్ పుస్తకంలో రాద్దాం. ఆదివారం సమావేశానికి ఈ ఒక్క తీర్మానం పెడుతున్నాను. సందేహాలుంటే కింద రాయండి, తెలిసినంత చెబుతాను.