అమ్మమ్మా, నిన్న అమ్మ బీరు తాగింది!

పిల్లలున్న ఇంట్లో ఏ రహస్యమూ దాగదు కదండీ. పోయిన ఆదివారం వీడియో కాల్‌లో మా ఆరేళ్ళ పాప, "అమ్మమ్మా, నిన్న అమ్మ బీరు తాగింది!" అనేసింది. పులుసు కలుపుతున్న గరిటె నా చేతిలో అలాగే ఆగిపోయింది. అవతల అమ్మ ఏమీ అనలేదు. "సరే, తర్వాత మాట్లాడతా" అని పెట్టేసింది.

అసలు కథ చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మేం కొరియా వచ్చి నాలుగేళ్ళయింది. సువాన్‌లో ఉంటాం. వచ్చిన కొత్తలో నేను నేర్చుకున్న కొరియన్ మాటల్లో ఒకటి "హ్వేషిక్". అంటే ఆఫీసు వాళ్ళంతా కలిసి రాత్రి భోజనానికి వెళ్ళడం. పేరుకే భోజనం. బల్ల మీద మాంసం కాల్చుకుంటూ మొదలుపెట్టి, సోజూలో బీరు కలిపిన "సోమెక్" దాకా వస్తారు. అక్కడితో ఆగితే బాగుండు, రెండో రౌండు ఇంకో చోట. పెద్దవాళ్ళు పోస్తుంటే వద్దనడం కష్టమని మా వారు ఏ పన్నెండింటికో వచ్చేవారు. పాపని పడుకోబెట్టి, చారు రెండుసార్లు వేడి చేసి, కిటికీ దగ్గర నిలబడేదాన్ని. ఒక రాత్రి ఆ కిటికీ అద్దంలో నా ముఖం చూసుకుంటే అచ్చం అమ్మే కనబడింది.

మా నాన్న తాగేవారు. కొట్టడం, తిట్టడం ఏమీ లేదు. స్నేహితులతో బయట కూర్చుని ఆలస్యంగా వచ్చేవారు, అంతే. అమ్మ కంచం మీద మూత పెట్టి గుమ్మంలో కూర్చునేది. "మందు" అనే మాట మా ఇంట్లో పైకి అనకూడదు. ఆ వాసన వస్తే నాకు గుర్తొచ్చేది అమ్మ ఎదురుచూపే.

ఆ రాత్రి ఏడ్చేశాను. మా వారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "శుక్రవారం మనం ముగ్గురం వెళ్దాం. అక్కడ ఏముంటుందో నువ్వే చూడు" అన్నారు.

సువాన్‌లో పల్దల్మున్ అనే పాత కోట ద్వారం దగ్గర కోడి వేపుళ్ళ వీధి ఒకటుంది. పెద్ద పెద్ద బాణలిల్లో కోడిని ఉన్నపళంగా వేయిస్తారు. పక్కన తియ్యగా, పుల్లగా ముల్లంగి ముక్కలు, దానికి తోడు చల్లటి బీరు. చికెన్, బీరుకి కొరియన్ పేరు "మెక్జు" కలిపి ఈ జోడీని "చిమెక్" అంటారు. కొరియన్ సీరియళ్ళు చూసేవాళ్ళకి ఈపాటికి గుర్తొచ్చే ఉంటుంది: "మై లవ్ ఫ్రమ్ ద స్టార్"లో హీరోయిన్ మంచు పడగానే అడిగేది ఇదే!

లోపలికి వెళ్ళేసరికి నా భయమంతా ఆశ్చర్యమైపోయింది. పిల్లలతో వచ్చిన కుటుంబాలు. పక్క బల్ల దగ్గర కొండ ఎక్కి వచ్చిన దుస్తుల్లోనే నలుగురు పెద్దావిడలు, మా అమ్మ వయసువాళ్ళు, గ్లాసులు తాకించి "గన్‌బే" అంటూ పకపకా నవ్వుతున్నారు. నేను సీసా అందుకుని నా గ్లాసులో పోసుకోబోతుంటే వాళ్ళలో ఒకావిడ గబగబా లేచి వచ్చి సీసా లాక్కుని, రెండు చేతులతో పట్టుకుని నాకు పోసింది. ఇక్కడ ఎవరి గ్లాసు వాళ్ళు నింపుకోరట. ఒకరికి ఇంకొకరు పోయాలి.

నవ్వుతారేమో గానీ నాకు కళ్ళు చెమర్చాయి. పెళ్ళయిన దగ్గర్నుంచి అందరికీ నీళ్ళూ మజ్జిగా పోసింది నేనే. నా గ్లాసు ఖాళీ అయిందని చూసి ఎవరైనా పోయడం అదే మొదటిసారి.

రుచి అంటారా? మొదటి గుక్క కాకరకాయ కషాయమే. వేడి వేడి కోడి ముక్క పడ్డాక ఫరవాలేదనిపించింది. ఇప్పుడు నెలకో శుక్రవారం మాది. నాకు ఒక్క గ్లాసు, పాపకి కోలా, ఇంటికి బస్సులో. వేసవిలో ఒక్కోసారి కన్వీనియన్స్ స్టోరు ముందు వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఒక డబ్బా ఇద్దరం పంచుకుంటాం. ఆఫీసు కబుర్లు, పాప బడి కబుర్లు అక్కడే.

ఇదంతా బంగారం అనను. హ్వేషిక్‌లు ఇంకా ఉన్నాయి. శనివారం పొద్దున్నే వీధి చూస్తే ముక్కు మూసుకోవాలి. వద్దన్నవాళ్ళకి బలవంతంగా పోయడం నాకు ఏ దేశంలోనైనా నచ్చదు. అందుకే మా వారు రెండో రౌండుకి "ఇంట్లో చూస్తుంటారు" అని చెప్పి వచ్చేయడం నేర్చుకున్నారు.

మర్నాడు అమ్మే ఫోన్ చేసింది.

"చేదుగా ఉంటుందటగా?"

"అవునమ్మా."

"అల్లుడు?"

"పక్కనే ఉన్నారు. పాప కూడా."

కాసేపు చప్పుడు లేదు. "ముప్పై ఏళ్ళు ఆ గుమ్మంలో కూర్చున్నానే. అక్కడ ఏం మాట్లాడుకుంటారో, దేనికి అంత నవ్వుకుంటారో ఒక్కసారైనా చూడాలనిపించేది. తాగడానికి కాదు, చూడ్డానికి." మళ్ళీ వెంటనే, "అలవాటు మాత్రం చేసుకోకు, చెప్తున్నా!" అంది.

వచ్చే ఏప్రిల్లో అమ్మ ఇక్కడికి వస్తోంది. ఆ వీధికి తీసుకెళ్ళి, ఆ పెద్దావిడల పక్క బల్ల దగ్గరే కూర్చోబెడతాను. అమ్మ గ్లాసు నేనే రెండు చేతులతో నింపుతాను.

కోలానే లెండి, కంగారు పడకండి!